నిలువు గీతల మధ్య పల్లవి: రెగ్గే విమర్శ వెలుగులో తెలుగు ఉద్యమగీత పఠనం

తెలుగు ఉద్యమగీతాల సంకలనాలను తెరిస్తే ఒక ముద్రణ సంప్రదాయం తరచుగా కనిపిస్తుంది. పల్లవిని ఒక్కసారి పూర్తిగా ఇస్తారు. తరువాత ప్రతి చరణం చివరా పల్లవిలోని మొదటి మాటను మాత్రం రెండు నిలువు గీతల మధ్య ఉంచి వదిలేస్తారు. కాగితం పొదుపు దృష్ట్యా ఇది సహజమే. కాని ఆ పాటను సభలో విన్నవారికి తెలుసు, సరిగ్గా ఆ చోటనే వంత అందుకుంటుంది, డప్పు మలుపు తిరుగుతుంది, ఎదురుగా కూర్చున్న జనం గొంతు కలుపుతారు. పాటలో అందరికన్న ఎక్కువ మంది పాల్గొనే చోటుకు అచ్చులో అన్నిటికన్న తక్కువ స్థలం దక్కుతున్నది. విశ్వవిద్యాలయాల్లో ఉద్యమగీతంపై వస్తున్న పరిశోధనలో అధికభాగం ఈ అచ్చుపాఠాన్నే ఆధారంగా తీసుకుంటున్నది. వస్తువు, భాష, మాండలికం, ప్రతీకలు, వర్గదృష్టి అన్నీ చర్చకు వస్తాయి. దరువు రాదు. దరువును వదిలేసి పాటను చదవడం వల్ల మనం కోల్పోతున్నది కేవలం సంగీతాన్ని కాదని, పాట అర్థంలో ఒక భాగాన్ని, దానితోపాటు పాటను నిర్మించిన మనుషుల్లో కొందరిని కోల్పోతున్నామని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు జమైకా దేశపు రెగ్గే సంగీతాన్ని, దాని చుట్టూ ఎదిగిన విమర్శను పోలికగా తీసుకుంటున్నాను.

రెగ్గేనే ఎందుకు అన్న ప్రశ్న సహజం. గద్దర్‌ను బాబ్ మార్లీతో పోల్చడం మన సాహిత్య సంభాషణల్లో కొత్త కాదు. ఇద్దరూ అణగారిన ప్రజల పక్షాన పాడినవారు. 1976 డిసెంబరు 3న కింగ్‌స్టన్‌లో మార్లీపై, 1997 ఏప్రిల్ 6న సికింద్రాబాద్ శివారులోని తన ఇంటివద్ద గద్దర్‌పై కాల్పులు జరిగాయి. ఇద్దరూ బతికి మళ్ళీ వేదిక ఎక్కారు. జమైకా స్వాతంత్ర్యం పొందిన తేదీ 1962 ఆగస్టు 6 కాగా, గద్దర్ మరణించిన తేదీ 2023 ఆగస్టు 6. ఈ చివరిది కాకతాళీయం, దానికి అర్థం ఆపాదించను. అయితే మొదటివాటికి మాత్రం ఎంత అర్థం ఉంది? అవి రెండు జీవితాల పోలికలు. పాటల పోలిక కావు. పాట దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు సంప్రదాయాలు చాలా చోట్ల ఒకదానికొకటి ఎదురుగా నిలబడతాయి. ఉపయోగపడేది ఆ ఎదురుబొదురు స్థితే.

రెగ్గే నిర్మాణం

చెరకు తోటల్లో పనికి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన ప్రజల సంతతి జమైకా జనాభాలో అత్యధికులు. బానిసత్వం రద్దయ్యాక, 1845 నుంచి భారతదేశపు ఒప్పంద కూలీలు కూడా ఆ తోటలకు చేరారు. రాస్తఫారీల మతాచారంలో భాగమైన గంజాయికి అక్కడ నేటికీ మన దేశపు పేరే నిలిచి ఉండటం ఆ వలస గుర్తు. గ్రామీణ జమైకాలో మెంటో అనే పాటల సంప్రదాయం ఉండేది. 1950ల చివర, అమెరికా రేడియోలో వినిపించే నల్లవారి సంగీతంతో అది కలిసి స్కా అయింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల ఉత్సాహం స్కా వేగంలో ఉందంటారు. 1966 ప్రాంతంలో ఆ వేగం తగ్గి రాక్‌స్టెడీ, 1968 ప్రాంతంలో మరింత బరువెక్కి రెగ్గే వచ్చాయి. ఆ పదం పేరులో కనబడే తొలిపాటగా 1968లో టూట్స్ అండ్ ది మేటల్స్ విడుదల చేసిన పాటను చెబుతారు. 2018లో యునెస్కో రెగ్గేను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ చరిత్రలో మన చర్చకు అవసరమైన ఘట్టం వేరొకటి ఉంది. రాస్తఫారీలను జమైకా మధ్యతరగతి చాలాకాలం అసహ్యించుకుంది. వారి ప్రార్థనా సంగీతమైన న్యాబింగీలో మూడు డోళ్ళుంటాయి. పెద్ద డోలు నేలను పట్టి ఉంచుతుంది, ఫుండే అనేది గుండె చప్పుడులా ఆగకుండా నడుస్తుంది, రిపీటర్ వాటిపైన మాటాడినట్లు పలుకుతుంది. కౌంట్ ఆసీ అనే వాద్యకారుడు బురు డోళ్ళ వాయింపును నేర్చి ఈ పద్ధతిని స్థిరపరిచాడు. 1960లో ఫోక్స్ బ్రదర్స్ అనే బృందం పాడిన ఒక పాటకు ప్రిన్స్ బస్టర్ అనే నిర్మాత కౌంట్ ఆసీ బృందాన్ని తీసుకొచ్చి రికార్డు చేయించాడు. ఊరి బయటి డోలు అలా గ్రామఫోను రికార్డులోకి నడిచింది. మాటలు ప్రేమపాటవే. మార్పంతా డోలులో ఉంది. మాటలను మాత్రమే చదివే విమర్శకునికి ఈ సంఘటన కనిపించదు.

రెగ్గే దరువు స్వభావాన్ని కొంత వివరంగా చెప్పాలి. నాలుగు లెక్కల వరుసను ఊహిద్దాం. పాశ్చాత్య జనప్రియ సంగీతంలో మొదటి లెక్క మీద డ్రమ్ము పడటం సాధారణం. రెగ్గేలో ప్రసిద్ధమైన 'వన్ డ్రాప్' పద్ధతిలో మొదటి లెక్కలో డ్రమ్ము మౌనంగా ఉంటుంది. రెండవ లెక్క మీద గిటారు పొట్టిగా, తెగినట్లు మోగుతుంది. మూడవ లెక్క మీద డ్రమ్ము బరువంతా పడుతుంది. నాలుగవదానిపై మళ్ళీ గిటారు. ఈ ఖాళీల మధ్య బేస్ గిటారు దాదాపు గాయకుడితో సమానంగా ఒక రాగాన్ని నడుపుతుంది. ది వేలర్స్ బృందంలో డ్రమ్ము వాయించిన కార్ల్‌టన్ బారెట్, బేస్ వాయించిన ఆస్టన్ బారెట్ అన్నదమ్ములు. వారి పేర్లు లేకుండా రెగ్గే విమర్శ సాగదు.

మొదటి లెక్క ఖాళీగా ఉండటాన్ని మన అనాగత గ్రహంతో పోల్చాలనిపిస్తుంది. తొందరపాటు పోలిక అది. తాళం మొదలయ్యాక సాహిత్యం ఎత్తుకోవడం అనాగతం. అక్కడ ఆగేది గాయకుడు, తాళం ఆగదు. వన్ డ్రాప్‌లో గాయకుడు మొదటి లెక్క మీదే ఎత్తుకోవచ్చు, ఆగేది డ్రమ్ము. అడుగు వేయవలసిన చోట నేల లేకపోవడం లాంటిది అది. నాట్యం చేసేవాని శరీరం ఆ ఖాళీని తానే పూరించుకోవాలి. కామౌ బ్రాత్‌వెయిట్ అనే కరీబియన్ కవి, విమర్శకుడు 1984లో ప్రచురించిన 'హిస్టరీ ఆఫ్ ది వాయిస్'లో తమ కవిత్వంలో ధ్వని అర్థానికి అలంకారం కాదు, అర్థంలో భాగమేనని వాదించాడు. ఆంగ్లకవిత్వపు ఐదు ఊనికల పాదం కరీబియన్ దీవుల అనుభవాన్ని మోయలేదన్నది ఆయన సిద్ధాంతం. జమైకాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన లింటన్ క్వేసీ జాన్సన్ రెగ్గే బేస్ నడకను తన కవితాపాదాల నడకగా మార్చుకున్నాడు. వాద్యం లేకుండా చదివినా వెనుక బేస్ వినిపిస్తుంది. 1910లో గురజాడ ముత్యాలసరాలతో చేసిన పని గుర్తున్న తెలుగు పాఠకులకు ఇది అపరిచితం కాదు. ఛందస్సు మారకుండా చూపు మారదని మనకు ముందే తెలుసు. ఆ తెలివిడిని పాటకు మాత్రం వర్తింపజేయలేదు.

వరస, రిడ్డిమ్

రెండు సంప్రదాయాల మధ్య అసలు తేడా పాటలో 'నిలిచేది ఏది' అన్న చోట ఉంది. జమైకాలో ఒక డ్రమ్ము, బేస్ కలిసిన వాద్యభాగానికి 'రిడ్డిమ్' అని పేరు. దానిపై ఒకరు ఒక రాగంలో పాడతారు, మరొకరు వేరే రాగంలో వేరే మాటలు పాడతారు, ఇంకొకరు మాటాడతారు. రికార్డుకు ఒకవైపు పాట ఉంటే రెండోవైపు గొంతు తీసేసిన వాద్యం ఉండేది. దాన్ని కింగ్ టబ్బీ వంటి ధ్వని సాంకేతికులు కోసి, ప్రతిధ్వనులు కలిపి 'డబ్' అనే కొత్త ప్రక్రియను తయారుచేశారు. ఆ ఖాళీలో యూ రాయ్ వంటివారు మైకు పట్టుకుని మాట్లాడారు. రిడ్డిమ్‌లకు సొంత పేర్లుంటాయి. 1985లో ఒక చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డులో ముందే ఉన్న వరుసతో తయారైన 'స్లెంగ్ టెంగ్' రిడ్డిమ్ మీద లెక్కలేనన్ని పాటలు వచ్చాయి. మాటలు మారుతుంటాయి, దరువు పేరుతో బతుకుతుంది.

తెలుగులో ఇందుకు సరిగ్గా ఎదురు. మనం 'ఫలానా పాట వరసలో' అంటాం. జానపద బాణీని తీసుకుని కొత్త మాటలు కట్టడం తెలంగాణ సాయుధ పోరాట కాలం నుంచి ఉన్న పద్ధతి. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల ప్రక్రియను పోరాట ప్రచారానికి మలిచాడు. 1972లో మొదలైన జననాట్యమండలి వీధి భాగవతం, ఒగ్గుకథ, బుర్రకథల పద్ధతులను అందిపుచ్చుకుంది. ఇక్కడ పునర్వినియోగం పొందేది రాగం. దాని వెంట దరువు కూడా వస్తుంది, కాని అది రాగానికి నీడగా వస్తుంది. దానికి విడిగా పేరు పెట్టి, ఈ దరువుపై ఎన్ని పాటలొచ్చాయని లెక్కించిన అలవాటు మన పరిశోధనలో లేదు. జానపద గేయ పరిశోధనకు విశ్వవిద్యాలయంలో పునాది వేసిన బిరుదురాజు రామరాజు గ్రంథం పేరే 'తెలుగు జానపద గేయ సాహిత్యము'. ఆ గ్రంథం చేసిన మేలు అపారం. ఆ కాలానికి ఆ పరిధి సమంజసమే. అయితే 'గేయ సాహిత్యం' అన్న సమాసంలో రెండో పదమే తరువాతి తరాల చూపును నిర్దేశించిందని చెప్పక తప్పదు.

డప్పు నిర్మాణం తెలిసినదే. వలయానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి శ్రుతి తెస్తారు. ఒక చేతిలో పొట్టి సిర్ర, మరో చేతిలో సన్నని సిటికెన పుల్ల. సిర్ర దెబ్బ నేలలోకి దిగితే సిటికెన పుల్ల గాలిని కోస్తుంది. చావుకు ఒక దరువు, పెండ్లికి ఒకటి, జాతరకు ఒకటి, చాటింపుకు ఒకటి. ఊరి చివర విన్న మనిషి కూడా ఏం జరుగుతున్నదో చెప్పగలడు. అంటే డప్పు మాట లేకుండానే అర్థాన్ని చేరవేసే వాద్యం. 1994లో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాటం 'దండోరా' అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఒక ఉద్యమం తన పేరును సిద్ధాంతం నుంచి కాక చాటింపు చప్పుడు నుంచి తీసుకోవడం అరుదు. కులం మోపిన వెట్టి చాకిరీగా ఉన్న వాయింపును హక్కుల ప్రకటనగా తిప్పుకోవడం ఆ పేరులో ఉంది.

ఇటువంటి వాద్యం ఉద్యమ వేదిక మీదికి వచ్చినప్పుడు తన పాత అర్థాలను ఇంటిదగ్గర వదిలి రాదు. కారంచేడు (1985) మీద గద్దర్ కట్టిన పాటను అచ్చులో చదివితే అది తిరగబడ్డవారిని కీర్తించే పాట. డప్పుతో విన్నప్పుడు, శ్రోత ఆ చప్పుడును అంతకుముందు చావుల దగ్గర విని ఉన్నాడన్న సంగతి కూడా పాటలో భాగమవుతుంది. కీర్తనలో శోకం కలుస్తుంది. ఈ రెండో పొర ఏ పదంలోనూ లేదు కాబట్టి పదాల విశ్లేషణలో దొరకదు.

రెగ్గేలో ఖాళీ ప్రతి వరుసలోనూ మొదటి లెక్క దగ్గర ఉంటే, గద్దర్ ప్రదర్శనలో ఖాళీ పాట మధ్యలో ఉంటుంది. ఆయన పాట ఆపి మాట్లాడతాడు. గోచీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలతో తిరుగుతున్నవాడు నిలబడిపోతాడు. డప్పు తగ్గుతుంది, లేదా ఆగుతుంది. ఒక తల్లి కథో, ఒక ఊరి సంగతో చెబుతాడు. మాట వేగం పెరుగుతూ తిరిగి పాటలోకి జారుతుంది, డప్పు లేస్తుంది. 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిజాం కళాశాల మైదానంలో అశేష జనం ముందు పాడినప్పుడైనా, చిన్న సభలోనైనా ఈ పద్ధతి ఆయనదే. అచ్చులో ఈ మాటలు లేవు. కొన్ని సంకలనాల్లో 'వచనం' అని నాలుగు పంక్తులు కనిపించినా, డప్పు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో తెలియదు. జమైకాలో గొంతును తీసేసి వాద్యాన్ని మిగిల్చారు, ఇక్కడ వాద్యాన్ని ఆపి గొంతును మిగిల్చారు. ఒకటి రికార్డింగ్ గదిలో ఎదిగిన కళ, మరొకటి సభలో ఎదిగిన కళ. క్యాసెట్ దానికి తరువాతి రూపం మాత్రమే.

వంత విషయానికి వద్దాం. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1980లో విడుదలైన 'మా భూమి' చిత్రంలో గద్దర్ తెరపై కనిపించి పాడిన బండి యాదగిరి పాట అందరికీ పరిచితం. అందులో నిజాం ప్రభుత్వాన్ని ఎదురుగా నిలబెట్టి పిలిచే సంబోధన మళ్ళీ మళ్ళీ వస్తుంది. అచ్చులో అది ఒక పునరుక్తి. పాటగా విన్నప్పుడు వర్ణన ఒకరిది, సవాలు అందరిది అన్న విభజన స్పష్టంగా వినిపిస్తుంది. ఒంటరి గాయకుడు నిజాం దౌర్జన్యాన్ని వర్ణిస్తాడు. అతణ్ణి ఎదిరించే పని గుంపు చేస్తుంది. పాట రాజకీయమంతా ఆ విభజనలోనే ఉంది. దాన్ని రెండు నిలువు గీతల మధ్యకు కుదిస్తే, ఒక మనిషి రాసుకున్న నిరసన కవిత మిగులుతుంది.

మాట లేని చోట

ఇంకొక అంచె ముందుకు వెళితే మాటే లేని సంగీతం వస్తుంది. సికింద్రాబాద్ శివారు కాప్రాలో ఆషాఢమాసపు బోనాల ఊరేగింపు వెంట, లేదా వినాయక నిమజ్జనానికి చెరువు వైపు సాగే వాహనాల ముందు నడిచినవారెవరైనా తీన్‌మార్ విని ఉంటారు. మూడు దెబ్బలని అర్థమిచ్చే ఈ ఉర్దూ పేరు హైదరాబాదీ మర్ఫా సంగీతం నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఆ సంగీతాన్ని ఈ నగరంలో నిలిపారు. బార్కస్, ఏసీ గార్డ్స్ అనే పేటల పేర్లు ఆ సైనికుల గుర్తులే. ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ అశ్వికదళం. అట్లాంటిక్ సముద్రం మీదుగా తరలింపబడ్డ ఆఫ్రికా జమైకాలో రెగ్గేగా తేలితే, హిందూ మహాసముద్రం మీదుగా వచ్చిన ఆఫ్రికాలో ఒక పాయ మన బోనాల దరువులో కలిసింది. ఈ రెంటికీ సంగీతపరమైన బంధుత్వం ఉందని నేను అనడం లేదు. అలా అనడానికి నిర్మాణ సాక్ష్యం కావాలి, వలసమార్గాల పటం సరిపోదు. నేను చెప్పేది చిన్న సంగతి. తెలుగువారి పండుగల్లో ఇంత ప్రముఖమైన దరువు, సినిమా పేరుగా, టీవీ వార్తల కార్యక్రమం పేరుగా తెలుగు భాషలోకి వచ్చిన దరువు, మాటలు లేనందువల్ల తెలుగు శాఖల పరిశోధనాంశం కాలేకపోయింది.

'అది సంగీతశాఖ పని' అన్న అభ్యంతరం ఇక్కడ వస్తుంది. దీన్ని తేలికగా కొట్టిపారేయలేను. సాహిత్య విద్యార్థికి స్వరలిపి రాకపోవచ్చు, నాకూ పూర్తిగా రాదు. కాని యతిని, ప్రాసను, గణాలను, గతులను సాహిత్యశాఖే బోధిస్తున్నది. అవన్నీ ధ్వనికి సంబంధించినవే. పైగా నష్టం ఎలా ఉంటుందో మన సాహిత్యమే రెండుసార్లు చూపింది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలని పేర్లు చెప్పాడు. పేర్లున్నాయి, వాటి నడక తెలియదు. తాళ్ళపాక కవుల రాగి రేకుల మీద రాగాల పేర్లున్నాయి, తాళం లేదు. సంకీర్తనలను మళ్ళీ పాడటానికి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. రాగిరేకుల కాలంలో ధ్వనిని నిలిపే సాధనం లేదు. మనకు ఉంది, వాడటం లేదు.

ఈ విస్మరణ వెనుక కులం లేదని అనుకోలేను. అచ్చుపాఠంలో పాటకు రచయిత పేరుంటుంది. డప్పు కొట్టినవాని పేరు ఉండదు. మాట కట్టినవాడు కవి, దరువు కట్టినవాడు సహాయకుడు. ఊళ్ళో ఒక కులానికి చాకిరీగా అప్పగించిన పని, ఉద్యమ వేదికకు వచ్చాక కూడా విమర్శ దృష్టిలో చాకిరీగానే మిగిలింది. డప్పును ఇంటిపేరుగా చేసుకుని నిలబడ్డ కళాకారులు లేకపోలేదు. వారిని మనం ఆ పేరుతో గౌరవిస్తాం, వారి వాయింపును మాత్రం విశ్లేషించం. జమైకాలోనూ వాద్యకారులకు సరైన ప్రతిఫలం దక్కలేదన్న ఫిర్యాదులున్నాయి, ఆ దేశాన్ని ఆదర్శంగా చూపనక్కరలేదు. కాని అక్కడి విమర్శలో డ్రమ్ము వాయించినవానికి ఒక శైలి ఉంటుంది, ఆ శైలికి చరిత్ర ఉంటుంది.

ఉద్యమగీతాన్ని పరిశోధనకు తీసుకునేవారు ప్రదర్శన ధ్వనిముద్రణ నుంచే పాఠాన్ని సిద్ధం చేసుకోవాలని నా ప్రతిపాదన. స్వరలిపి లేకున్నా ఫరవాలేదు. పాదం కింద సిర్ర దెబ్బ పడే అక్షరాన్ని గుర్తించవచ్చు. వంత ఎక్కడ అందుకుందో, పల్లవి ఎన్నిసార్లు తిరిగిందో పూర్తిగా రాయవచ్చు. నిలువు గీతలతో పని లేదు. డప్పు ఆగిన చోటును, ఆగినంతసేపును, ఆ విరామంలో పలికిన మాటలను చేర్చవచ్చు. ఒకే పాటకు రెండు ప్రదర్శనలు దొరికితే రెండింటినీ పక్కపక్కన ఇవ్వాలి, ఒకదాన్ని శుద్ధపాఠంగా నిర్ణయించనక్కరలేదు. తాళపత్ర పరిష్కరణలో నేర్చుకున్న పాఠభేద వివేచన ఇక్కడ మళ్ళీ ఉపయోగపడుతుంది, కొద్దిగా తలకిందులై. వాయించినవారి పేరు తెలిసినప్పుడు రచయిత పేరు పక్కనే రావాలి.

ఇందులో ఒక చిక్కు ఇప్పటికే మొదలైంది. తోలు డప్పు వాడుతూ ఉంటే శ్రుతి జారుతుంది. పాటల మధ్య దాన్ని మంటకు చూపాలి. ఆ విరామంలో ఉపన్యాసం నడిచేది, జనం సర్దుకునేవారు, తరువాతి పాటకు ఎత్తుగడ కుదిరేది. సభ లయలో మంటకు కూడా వాటా ఉండేది. ఇప్పుడు కాప్రా వీధుల్లోనూ, సభల్లోనూ ఇనుప వలయానికి ప్లాస్టిక్ పొరను మరలతో బిగించిన డప్పులు విరివిగా కనిపిస్తున్నాయి. వానకు తడవవు, మంట అడగవు, విరామం లేకుండా మోగుతాయి. సిర్ర దెబ్బలోని లోతు తగ్గి సిటికెన పుల్ల పదునే ముందుకొస్తుంది. అందుచేత పాఠాన్ని సిద్ధం చేసేవారు పాట పేరు, స్థలం, తేదీలతోపాటు మోగినది ఏ డప్పు అన్నది కూడా మొదటి పంక్తిలోనే నమోదు చేయాలి.